నాలుగు కాళ్ళ స్టూలు, నడిమధ్య జాలీ

మార్చి 2

అమ్మమ్మా,

ముందు కూర్చో. కూర్చున్నావా? గెలిచాం!

బట్టలుతికే గదికి కూడా నేలలో నీళ్ళు పోయే జాలీ పడుతోంది. నాన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, పైపుల కట్ట మీద ఎక్కి కూర్చుని మూడు గంటలసేపు దిగనంటే!

వివరంగా చెబుతాను. కొత్తింటికి గోడలు లేచాయి, కప్పు పడింది. ఇప్పుడు నేలల పని. నేల కింద పైపులు వెళ్ళేది ఈ వారమే. పైన కాంక్రీటు పడిందంటే ఇక ఎవరు నెత్తీ నోరూ కొట్టుకున్నా లాభం లేదు. రెండు బాత్రూములు, బట్టలుతికే గది ఒకటి. మూడింటికీ నేలలో జాలీలు ఉండాలని నేను, రెండు చాలని నాన్న.

"బట్టల గదిలో మిషనుంటుంది, మిషనుకి గొట్టముంటుంది. నేల మీద నీళ్ళెందుకు పడతాయే?" అన్నాడు.

"గొట్టం ఊడితే?"

"ఊడదు."

"ఊడితే?"

"ఊడితే తుడుస్తాం."

"తుడిచేదెవరు నాన్నా? పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, నీ చేతిలో తడిగుడ్డ ఒక్కసారీ కనపడలేదు."

ఇటుకల వెనక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను వెళ్ళి పైపుల మీద కూర్చున్నాను. మా గురువుగారు, అదే, నాకు పని నేర్పుతున్న ప్లంబరు, పెన్సిలు చెవి మీద పెట్టుకుని చెట్టు కింద నిద్రపోయాడు. నాన్న ఇంటిచుట్టూ పదిహేడు ప్రదక్షిణలు చేసి చివరికి "వేసి చావండి" అన్నాడు. చరిత్రలో చాలా విజయాలు ఇలాంటి మాటలతోనే వచ్చాయని 'నీటికి న్యాయం' అనే చిన్న పుస్తకంలో ఉంది. ఇరవై నాలుగు పేజీలే. నీకు పంపుతున్నాను. మూడో పేజీ రెండుసార్లు చదువు.

ఇంకో సంగతి. ఈ ఇంట్లో ఏ గదికీ గడప ఉండదు. గడప అంటే ఏమిటి? లోపలివాళ్ళూ బయటివాళ్ళూ అని మనుషుల్ని రెండుగా కోసే చెక్క! వద్దు. ఇక జాలీ ఎక్కడ ఉండాలి అనేదాని మీద మేస్త్రికీ నాకూ పడింది. ఆయన ఓ గోడవారకి నెట్టేద్దామంటాడు. నేను గది నడిమధ్య అన్నాను. నాలుగు మూలలకీ సమాన దూరం. ఏ మూల నీటికీ ఎక్కువ నడక లేదు, ఏ మూల నీటికీ తక్కువ లేదు. ఆయన ఏదో గొణిగాడు. నేను మూడో పేజీలో సమానత్వం గురించి ఉన్నది చదివి వినిపించాను. నోరు మూశాడు.

ఏప్రిల్ ఆఖరుతో ఆస్పత్రి లాండ్రీలో నీకు ముప్ఫై ఒక్కేళ్ళు నిండుతాయి. ఇక చాలు. కింది గది నీది, దాని పక్క బాత్రూము నీది. నీతో పనిచేసే ఆ ఇస్త్రీ ఆవిడ గదిలో సర్దుకుంటానని మళ్ళీ అన్నావంటే అక్కడికొచ్చి ఆ గది ముందు కూర్చుంటాను. నాకు కూర్చోవడం వచ్చని నాన్ననడుగు.

నీ అగ్గిపుల్ల


మార్చి 7

ఒసేయ్ అగ్గిపుల్లా,

నీ ఉత్తరం భోజనాల వేళ వచ్చింది. లాండ్రీలో అందరికీ చదివి వినిపించా. పదిహేడు ప్రదక్షిణల దగ్గర మా పిండే మిషను మనిషికి పొలమారి, వీపు మీద నలుగురు గుద్దాల్సొచ్చింది. ఇలాంటివి ఫోనులో చెప్పకు. ఫోనులో నువ్వు అరుస్తావు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కాగితం మీద అరిస్తే కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువుకుంటా.

మీ నాన్న మంచాయన. ఆయన్ని అలా తిప్పకు, కళ్ళు తిరుగుతాయి.

నేనొస్తానని ఎవరితోనూ అనలేదు. ఇస్త్రీ ఆవిడ గది చిన్నదే, కానీ ఇరవై రెండేళ్ళ స్నేహం. తన బల్ల పక్కనే నా బల్ల. పదో తారీఖు లోపల, అంటే ఏప్రిల్ పదిలోపల, మాట చెప్పమంది. లేకపోతే గది ఇంకెవరికో ఇస్తుంది.

నీ జాలీల గొడవ చదివాక ఒకటి చెప్పాలనిపించింది. నేను ఎక్కడుంటానో గదిని బట్టి కాదు, స్నానాన్ని బట్టి. కుడి మోకాలు సగమే వంగుతుంది. నిలబడి స్నానం చెయ్యలేను. స్టూలు మీద కూర్చుని చేస్తా. తలుపు గడియ వేసుకుని చేస్తా. ఎవరి చెయ్యీ పట్టుకోను, ఎవరినీ లోపలికి రానివ్వను. అలా కుదిరే చోటుంటే వస్తా. గడప లేదన్నావు, అది బాగుంది. నీళ్ళు మాత్రం నిలవకూడదు. మా లాండ్రీలో నీళ్ళు నిలిచిన ప్రతిచోటా ఎవరో ఒకరు జారారు. జాగ్రత్త.

నేల వాటం, అంటే నీళ్ళు పారే వాలు, ఎటు పెడుతున్నారో రాయి.

పుస్తకం మూడో పేజీ ఒకసారి చదివా. అది రాసినాయన ఎప్పుడూ నేల కడిగినట్టు లేదు.

అమ్మమ్మ


మార్చి 13

ప్రియమైన, సందేహాల పుట్టవైన అమ్మమ్మకి,

నీళ్ళు నిలవకూడదన్నావు కదా. నిలవవు! నీ ఉత్తరం చదవగానే పరుగెత్తాను. మేస్త్రి అడుగుకి పావంగుళం చొప్పున వాటం గీసుకుని ఉన్నాడు. పావంగుళం! నీ మోకాలికి పావంగుళం భద్రతా? నేను గీత చెరిపేసి అడుగుకి అంగుళం పెట్టించాను. నాలుగు గోడల నుంచీ నడిమధ్య జాలీకి నాలుగువైపులా వాటం. ఎటు అని అడిగావు. అన్ని వైపుల నుంచీ!

"పాపా, ఇది బాత్రూమా, గరాటా?" అన్నాడు మేస్త్రి.

"అనుభవం పేరుతో అన్యాయాన్ని నిలబెట్టేవాళ్ళని వర్గశత్రువులంటారు" అన్నాను.

ఆయన తాపీ కింద పెట్టి, నన్ను చూసి, గురువుగారిని చూసి, "శత్రువుకి టీ ఎవరన్నా పోస్తారా?" అన్నాడు. పోయక తప్పలేదు. ఆ టీ గ్లాసు నేల మీద పెట్టాడు. అది దానంతటదే మెల్లగా నడుచుకుంటూ జాలీ దాకా వెళ్ళి ఆగింది! అందరం చప్పట్లు కొట్టాం. అంటే, నేనూ అమ్మా. సబ్బు పెట్టి చూశాం. సబ్బు కూడా వెళ్ళింది. నీకు వంగి సబ్బు వెతుక్కునే పని లేదు, ఎక్కడ జారినా జాలీ దగ్గరే ఉంటుంది.

అతుకుల సంగతి కూడా విను. జాలీ నోరు బిగించి, గుమ్మానికి అడ్డంగా తాత్కాలికంగా ఇటుకల కట్ట వేసి, నేలంతా జానెడు నీళ్ళు కట్టి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేశాం. ఎక్కడన్నా చెమ్మ దిగుతుందేమోనని. పొద్దున నాన్న విషయం మరిచిపోయి చెప్పులతో తలుపు తీసి లోపలికి అడుగు పెట్టాడు. ఆయన వెనక్కొచ్చాడు, ఒక చెప్పు రాలేదు. అది తేలుతూ గోడ గోడకీ తగులుతూ తిరుగుతుంటే ఈయన తలుపు దగ్గర నిలబడి "రా, రా" అని పిలుస్తున్నాడు. చెమ్మ మాత్రం చుక్క కూడా దిగలేదు. జాలీ కింద వంపు గొట్టం ఉంటుంది, దాన్ని ట్రాప్ అంటాం. అందులో కాసిన్ని నీళ్ళెప్పుడూ నిలిచి, కింది మురుగు కంపుని పైకి రానివ్వవు. ఆ కాసిన్ని నీళ్ళు మాత్రం నిలవాలి అమ్మమ్మా, వాటి మీద అలగకు.

పలకలు కూడా పరిచేశారు. నీలం రంగు. జాలీ చుట్టూ ముక్కోణాలుగా కోసి అతికారు, పువ్వులా ఉంది. పని పూర్తయింది. పెట్టె సర్దుకో.

నీ అగ్గిపుల్ల

తా.క. ఆ పుస్తకం రాసినాయన నేల కడిగాడో లేదో కనుక్కుంటాను. ప్రచురణకర్తకి ఉత్తరం రాశాను.


మార్చి 18

అగ్గిపుల్లా,

సబ్బు నడుస్తోంది, గ్లాసు నడుస్తోంది, చెప్పు ఈదుతోంది. బాగుంది. మరి నేను?

ఇటు చూడు. నా స్టూలుకి నాలుగు కాళ్ళు. ఇనపది. లాండ్రీలో ముప్ఫై ఏళ్ళు దాని మీదే కూర్చున్నా. వెళ్ళేటప్పుడు తీసుకుపొమ్మన్నారు, ఇంకెవరూ ఎత్తలేరు కనక. నువ్వు ఆ బాత్రూములో ఒక నాలుగు కాళ్ళ స్టూలు వేసి కూర్చో. కుళాయి పక్కన వెయ్యి, ఎందుకంటే నీళ్ళు అక్కడుంటాయి. కూర్చుని మగ్గుతో నీళ్ళు తీసి నెత్తిన పోసుకో. కుడికాలు చాచి ఉంచు. గోడ పట్టుకోకూడదు. ఏమైందో రాయి. ఉన్నదున్నట్టు రాయి.

ఇస్త్రీ ఆవిడ గదిలో స్నానాల చోటు చూసొచ్చా. ఎక్కడానికి మెట్టుంది, నేల మట్టంగా ఉంది, నీళ్ళు మూల నిలుస్తాయి. చెయ్యి పట్టుకుని ఎక్కిస్తానంది.

ఇక్కడ ఒకటే ఎండ. ఇస్త్రీ బల్లల దగ్గర దుప్పట్లు కాదు, మేమే ఆరిపోతున్నాం.

అమ్మమ్మ


మార్చి 23

అమ్మమ్మా!

చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుందా? ముప్ఫై ఒక్కేళ్ళు ఊరందరి దుప్పట్లు ఉతికిన మనిషి, మెట్టు దగ్గర నిలబడి ఇంకొకరి చేతి కోసం ఎదురు చూడాలా? నా రక్తం మరిగిపోయింది. నీ ఉత్తరం చదివి కుండీని తన్నాను. కుండీ సిమెంటుది. బొటనవేలు వాచింది, అందుకే అక్షరాలు వంకర. వేలికీ అక్షరాలకీ సంబంధం ఏమిటంటావేమో, ఉంది, నొప్పి ఒళ్ళంతా ఒకటే.

ఇక పరీక్ష. వంటింటి స్టూలు తెచ్చి కుళాయి పక్కన వేశాను. ఉన్నదున్నట్టు రాయమన్నావు. స్టూలు ఊగింది. కొంచెం. సరే, బాగా. రెండు కాళ్ళు ఒక వాటం మీద, రెండు ఇంకో వాటం మీద పడుతున్నాయి. మూడు ఆనితే ఒకటి గాల్లో ఉంటోంది. సరిగ్గా జాలీ మీదికి జరిపితే మాత్రం రాయిలా నిలబడుతుంది, కానీ అక్కడ కూర్చుంటే కుళాయి అందదు, నీళ్ళు పోయే దారికి అడ్డం నువ్వే.

తప్పు నేలది కాదు అమ్మమ్మా. స్టూలుది. ప్రపంచంలో ఏ నేలా మట్టంగా ఉండదు, స్టూళ్ళు చేసేవాళ్ళు మాత్రం ఉందనుకుని నాలుగు కాళ్ళూ ఒకే పొడవు కోస్తారు. రంపం తెచ్చాను. గాల్లో ఉన్న కాలిని వదిలేసి, ఎదురు కాలు ఇంత కోశాను. ఇప్పుడు ఇంకోటి లేచింది. దాన్ని కోశాను. మొదటిది లేచింది. అమ్మ వచ్చి "ఏం చేస్తున్నావే?" అంది. "న్యాయం" అన్నాను. గంటన్నరకి నాలుగూ ఆనాయి! ఊగితే ఒట్టు. కాకపోతే ఎత్తు కాస్త తగ్గింది. జానెడుంది. ఇంకో చిన్న సంగతి, ఆ స్టూలు ఆ ఒక్క చోటే, అటు తిరిగే నిలబడుతుంది. ఎక్కడో తెలియడానికి నేల మీద నాలుగు గుండ్రాలు గీసి, ఏ కాలు ఎక్కడో అంకెలు వేశాను. నువ్వు ఒకటో కాలు ఒకటో గుండ్రంలో పెట్టుకుంటే చాలు.

సాయంత్రం అమ్మ దాన్ని వంటింట్లో వేసుకుని కూర్చోబోయింది. ఆ తర్వాత జరిగింది రాయను. అమ్మ క్షేమమే.

నీ ఇనప స్టూలు తెచ్చెయ్. ఇనుము కోసే రంపం గురువుగారి దగ్గరుంది.

నీ అగ్గిపుల్ల


మార్చి 28

అమ్మాయీ,

జానెడు స్టూలు మీద నేను కూర్చోగలను. లేవలేను. సగం వంగే మోకాలు ఉన్నవాళ్ళకి ఎత్తు కావాలి. నా స్టూలు ఎవరూ కొయ్యక్కర్లేదు.

ఇస్త్రీ ఆవిడకి సరేనన్నాను.

నీ మీద కోపం లేదు. కానీ నువ్వు 'రక్తం మరిగింది' అని రాసినప్పుడు ఒక మాట చెప్పాలనుకున్నా. ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా. రెండేళ్ళ కిందట మోకాలు విరిగినప్పుడు మా ఆస్పత్రిలోనే పడుకున్నా కదా. తొమ్మిది రోజులు ఇద్దరు వచ్చి నాకు ఒళ్ళు కడిగేవాళ్ళు. చెడ్డవాళ్ళు కాదు. గోరువెచ్చని నీళ్ళే, మెత్తటి తువ్వాళ్ళే, ఆ తువ్వాళ్ళు నేను ఉతికినవే. కానీ కడుగుతున్నంతసేపూ నా మీదుగా వాళ్ళిద్దరూ ఒకరికొకరు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఎవరి మరిదో బండి కొన్నాడట. నా చెయ్యి ఎత్తి, కడిగి, పెట్టేసి, "ఏ రంగు బండి?" అంది ఒకావిడ. బల్ల తుడిచినట్టు తుడిచారు. ఇంటికొచ్చాక అనుకున్నా, ఇంక చచ్చేదాకా నా స్నానం నేనే చేస్తానని.

ఇస్త్రీ ఆవిడ చెయ్యి మెట్టు దాకానే. లోపలికి రాదు. అంతవరకూ ఓర్చుకోగలను.

నాకు న్యాయం వద్దు తల్లీ. స్టూలు కదలకుండా ఉంటే చాలు.

అమ్మమ్మ


ఏప్రిల్ 3

అమ్మమ్మా,

రమ్మని అడగడానికి కాదు ఈ ఉత్తరం. ఏం చేశానో చెప్పడానికి.

నీ ఉత్తరం చదివి ఏదీ తన్నలేదు. బాత్రూములోకి వెళ్ళి గడియ వేసుకున్నాను. కుడికాలికి మోకాలి వెనక కర్రచెక్క పెట్టి చున్నీతో బిగించి కట్టాను. మంచి స్టూలు, కొయ్యనిది, పక్కింటి నుంచి అడిగి తెచ్చాను. కుళాయి పక్కన వేసుకుని కూర్చుని, నువ్వు చెప్పినట్టే మగ్గుతో నీళ్ళు పోసుకున్నాను. మొదటి మగ్గుకి స్టూలు అటు ఒరిగింది. రెండో మగ్గుకి ఇటు. కళ్ళల్లో సబ్బు. మూడోదానికి నేను కింద ఉన్నాను, నాతో పాటు సబ్బూ మగ్గూ అన్నీ జారుకుంటూ జాలీ దగ్గరికి చేరాం. అక్కడ కూర్చుని, లేవడం చేతకాక, "అమ్మా!" అని అరవడానికి నోరు తెరిచాను. తెరిచి, మూసేశాను. అప్పుడర్థమైంది, నువ్వేం అడుగుతున్నావో.

పొద్దున మేస్త్రి ఇంటికి వెళ్ళాను. పళ్ళు తోముకుంటున్నాడు.

"మీరు మొదట్లో గొణిగింది ఏమిటి?" అన్నాను.

"ఏ గొణుగుడమ్మా? నీ ఎదురుగా చాలా గొణిగా."

"జాలీ గోడవారకి అన్నప్పుడు."

ఆయన పుక్కిలించి ఉమ్మి, "నాలుగు వాటాల మీద స్టూలు నిలవదు, పెద్దావిడకి ఇబ్బంది అన్నా. ఒకటే వాటం అయితే నిలుస్తుంది. నువ్వు మూడో పేజీ చదివావు" అన్నాడు.

క్షమించమన్నాను. "వర్గశత్రువుని క్షమాపణ అడగొచ్చా? నీ పుస్తకంలో ఉందా?" అన్నాడు. లేదన్నాను. "అయితే మంచి పుస్తకం కాదు" అని చొక్కా వేసుకుని వచ్చేశాడు.

పగలగొట్టాం అమ్మమ్మా. నీలం పువ్వు మొత్తం. ఉలి మొదట నేనే పెట్టాను. మూడో దెబ్బకే కుళాయికి వెళ్ళే పైపు పగిలింది. నీళ్ళు కప్పు దాకా లేచాయి. గురువుగారు "మూత! మూత!" అని అరుస్తుంటే, మెయిన్ వాల్వు ఎక్కడుందో ఆయనకే గుర్తు రాలేదు. బాత్రూము జాలీ నోట్లో ఇటుక ముక్కలు అడ్డం పడ్డాయి, గడప లేదు, నీళ్ళు సాఫీగా నడవాలోకి, నడవాలోంచి మలుపు తిరిగి బట్టలుతికే గదిలోకి వెళ్ళాయి. అక్కడి జాలీ గటగటా తాగేసింది. ఎదురుగుండా హాల్లో మిగతా గదుల కొత్త చెక్క తలుపులు పేర్చి ఉన్నాయి, ఒక్కదానికీ తడి తగల్లేదు. నాన్న చీలమండల దాకా నీళ్ళలో నిలబడి ఆ జాలీని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నా వైపు చూడకుండా వెళ్ళి ఒక తడిగుడ్డ తెచ్చి నడవా తుడవడం మొదలుపెట్టాడు. అమ్మ పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించింది.

ఇప్పుడు ఇలా ఉంది. కుళాయి గోడ పొడవునా సన్నటి పొడుగాటి జాలీ. తలుపు దగ్గర నుంచి ఆ గోడ దాకా ఒకటే వాటం, అడుగుకి పావంగుళం. నేల మట్టం చూసే రసమట్టం పెట్టి, గదిలో ఎక్కడ పెట్టినా బుడగ ఒకేలా జరిగేదాకా మేస్త్రి మూడుసార్లు ఊడదీసి వేశాడు. స్టూలు ఎక్కడ పెట్టినా నాలుగు కాళ్ళూ ఆనుతాయి. గుండ్రాలు, అంకెలు ఏమీ లేవు. కుడివైపు గోడకి, కూర్చున్న మనిషి భుజం ఎత్తులో, పట్టుకుని లేవడానికి ఒక ఇనప కమ్మీ బిగించాను. ఎవరి చెయ్యీ పట్టుకోనన్నావు. ఇది చెయ్యి కాదు, కబుర్లు చెప్పదు. పలకలు నీలం దొరకలేదు, బూడిదరంగు. పువ్వు లేదు.

మాటిచ్చావు, తెలుసు. ఇచ్చినమాట మీద నిలబడే హక్కు నీకుంది. ఈ బాత్రూము ఎవరు కూర్చుని స్నానం చేసినా పనికొస్తుంది. మాకూ మోకాళ్ళున్నాయి.

రేపటి నుంచి వారం రోజులు గురువుగారితో పక్క ఊరు వెళుతున్నాను. బడి కడుతున్నారు, పద్దెనిమిది జాలీలు. జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

నీ మనవరాలు


ఏప్రిల్ 9

ఒసేయ్ అగ్గిపుల్లా,

ఈ ఉత్తరం మీ కొత్తింట్లో, సిమెంటు బస్తా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నా. నువ్వు బడి జాలీలు వేసుకుంటూ ఉండు, మీ నాన్న దీన్ని పోస్టు చేస్తాడు.

'నీ మనవరాలు' అని సంతకం పెట్టావు. అది చూసి నాకు భయం వేసింది. నువ్వు అంత మర్యాదగా ఎప్పుడూ ఉండవు. సెలవు పెట్టి, చెప్పకుండా బస్సెక్కా, స్టూలుతో సహా. బస్సులో ఖాళీ లేదు. నడవలో స్టూలు వేసుకుని కూర్చున్నా. కండక్టరు స్టూలుకి టికెట్ తియ్యమన్నాడు. "నీ సీటు నేను వాడలేదు, నా సీటు నేను తెచ్చుకున్నా, నువ్వే నాకు బాకీ" అన్నా. బస్సంతా నా పక్షమే. దిగేటప్పుడు ఆయనే దింపాడు, "ఏం బరువమ్మా ఇది" అని మూలుగుతూ.

మీ అమ్మ నన్ను చూసి చేతిలోదేదో పడేసింది. మేస్త్రి ఏదో అతుకు పూడ్చడానికి వచ్చి ఉన్నాడు. నమస్కారం పెట్టి, "మీ మనవరాలు నన్ను శత్రువుల్లోంచి తీసేసిందండీ, కొంచెం వెలితిగా ఉంది" అన్నాడు. నాకు నచ్చాడు. స్టూలు లోపల పెట్టించా. బకెట్ నింపించా. తర్వాత అందర్నీ బయటికి పంపి గడియ వేసుకున్నా.

ముందు బట్టలతోనే కూర్చుని చూశా. కుడికి వంగా, ఎడమకి వంగా. మగ్గు కావాలని కిందపడేసి తీశా. స్టూలు కదల్లేదు. రెండుచోట్లకి జరిపి చూశా. కదల్లేదు. అప్పుడు స్నానం.

బయట మీ నాన్న, మీ అమ్మ, మేస్త్రి, పక్కింటావిడ, ఆవిడ వెనక ఇంకెవరో. కాసేపటికి మీ నాన్న, "అత్తయ్యగారూ, బాగానే ఉన్నారా?" అన్నాడు. "అల్లుడుగారూ, నేను మాట్లాడుకోవడానికి లోపలికి రాలేదు" అన్నా. నీళ్ళు నా కాళ్ళ పక్క నుంచి వెళ్ళి గోడ దగ్గర దిగిపోయాయి. తొందరగా కాదు, నిలిచీ కాదు. నేను పోసినన్ని పోయాయి. ఒకసారి కమ్మీ పట్టుకుని లేచి, మళ్ళీ కూర్చున్నా, ఊరికే. వీపు రుద్దుకున్నా. రెండేళ్ళలో నా వీపు నేను సరిగా రుద్దుకున్నది ఇదే.

ఇప్పుడు ఇస్త్రీ ఆవిడ సంగతి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలి. పొద్దునే బస్సెక్కేముందు ఆవిడకి చెప్పేశా, "బాగుంటే రాను, బాగుండకపోతే వస్తా" అని. ముఖం మాడ్చుకుంది. తర్వాత నీ ఉత్తరం లాక్కుని తనే మొత్తం చదివింది. చదివి, ఆవిడ గదిలో మెట్టు పగలగొట్టి ఇలాంటి జాలీ నువ్వు వేస్తేనే నాతో మాట్లాడతానంది. మేస్త్రిని కూడా తెమ్మంది. పుస్తకం మాత్రం ఇంట్లో వదిలేసి రావాలట.

నా పెట్టె నెలాఖరుకి వస్తుంది. కింది గదిలో కిటికీ పక్కన మంచం వెయ్యండి. నీ పనిలో ఒక్క లోపముంది. పొడుగు జాలీకి రెండు చివర్లా మరలు బిగించావు, వెంట్రుకలు తియ్యాలంటే స్క్రూడ్రైవరు కావాలి. చేత్తో లేచేలా మార్చు.

స్నానం అయ్యాక తుడుచుకుని కూర్చున్నా. అప్పుడు మీ అమ్మ తలుపు తట్టింది. "అమ్మా, గంటయింది, అయిపోయిందా?" అంది.

"లేదు" అని చెప్పి, రెండో బకెట్ పెట్టి కుళాయి తిప్పా.

మీ అమ్మమ్మ